చుక్క లేని చోట

327

మేం ముగ్గుల పని మొదలుపెట్టాక మూడువందల ఇరవైఏడో రోజు ఇది. దీని గురించి అప్పుడు నేను రాసింది రెండే వాక్యాలు. "బండి అయిదూ ఇరవైకి వచ్చింది. ముగ్గు పూర్తయింది." ఇప్పుడు వివరంగా కావాలని, ఈ పని చూసే కార్యాలయం అడిగింది. గుర్తున్నంతవరకు మళ్ళీ రాస్తున్నాను.

మామూలు ఉదయం. నాలుగున్నరకు లేచాను. తలుపు తీయగానే సరస్సు వాసన తగిలింది. పాత ఊరు నీళ్ళకింద ఉంది. బస్టాండు పైకప్పు ఒక్కటే ఇంకా బయటికి కనిపిస్తుంది. దానిమీద గులాబిరంగు కొంగలు ఒంటికాలిపై నిద్రపోతున్నాయి. స్నానం చేసి సుబ్రహ్మణ్యస్వామికి దీపం పెట్టాను. కుజుడికి అధిదేవత ఆయనే అని మా అమ్మ చెప్పేది. పైన కుజుడిమీద ఉన్న ఆరుగురి పేర్లూ రోజూ ఆయనకు చెబుతాను. మా చెల్లెలు కస్తూరి పేరు నాలుగోది. ముందు చెప్పాలని ఉంటుంది. చెప్పను.

వాకిలి ఊడ్చి కళ్ళాపి చల్లాను. తమ్ముడు మాల్యాద్రి అరుగుమీద ముసుగుతన్ని పడుకుని ఉన్నాడు. మరదలు సుగుణ కాఫీకి నీళ్ళు పెట్టింది. ఇంకా చీకటి పూర్తిగా విడలేదు. అలాంటప్పుడు తడినేల ఆకాశంలా కనిపిస్తుంది. కాసేపు అటూ ఇటూ తెలియదు.

చుక్కలబండి గంట కొట్టుకుంటూ వచ్చింది. మోకాలెత్తు కూడా ఉండదు. మా అయిదిళ్ళ ముందూ వరసగా ఆగి, తడినేలమీద సున్నపు చుక్కలు రాల్చి పోతుంది. ముందురోజు కుజుడిమీద యంత్రం చూసిన నేలే ఆ చుక్కలు. ఎత్తైన చోటికి పెద్దచుక్క, పల్లానికి చిన్నచుక్క. మొత్తం ఏడు రకాలు. ఒక రకం చుక్కలన్నిటినీ ఒకే గీతతో కలపాలి. తరవాత కెమెరా గద్ద పైనుంచి ఫొటో తీసుకుంటుంది. ఒకే నేలను అయిదిళ్ళూ వేస్తాయి. అయిదూ కలిస్తే పటంలోకి ఎక్కుతుంది. ఆ పటం చూసుకుని కస్తూరి వాళ్ళు నడుస్తారు.

యంత్రమే కలుపుకోలేదా అని మొదట్లో నేనూ అడిగాను. నీడకూ గోతికీ తేడా దానికి ఒక్కోసారి తెలియదన్నారు. మనిషి కన్ను పడాలన్నారు. ఇంకో మాట కూడా అన్నారు. ఆరుగురిని అంత దూరం పంపి కింద ఉన్నవాళ్ళం మరిచిపోతే, పైవాళ్ళకు కాళ్ళాడవట. అది నాకు నచ్చింది. ఆరుగురిలో ఎవరి వంతుకు ఎవరు ముందు నడిచే నేల వాళ్ళ దారి. పైకి వెళ్ళినవాళ్ళ సొంత వీధికి వాళ్ళ దారే ఇస్తారు. శ్రద్ధ ఉంటుందని.

ఎదురింటి ఖాదర్‌బీ అత్తకు డెబ్బై దాటాయి. కొంగు నడుముకు దోపుకుని చుక్కలు చూస్తూ అంది:

"చెంచమ్మా, మీ చెల్లెలికి కుజదోషమని మూడు సమ్మందాలు తప్పిపోయె గదా. ఇప్పుడు జూడు, ఆ కుజుడే వచ్చి పిలుచుకుపోయినాడు."

"మంచి కాపరమేలే అత్తా," అన్నాను.

"మంచిదే. అత్త లేదు, ఆడబిడ్డ లేదు. నీళ్ళకు మాత్రం మంచు తవ్వుకోవాల."

మంచు కోసమే వాళ్ళు ఇల్లు మారుస్తున్నారు. ఆరుగురూ సామాను లాక్కుంటూ నడిచి ఒక మైదానం దాటాలి. అవతలి గట్టులో మంచు ఉంది. ఎనిమిది రోజుల్లో ప్రయాణం అని అప్పటికి లెక్క. ఈ వారమంతా మాకు ఆ మైదానమే వస్తోంది. గీతలు నునుపుగా, దూరదూరంగా పడతాయని వీధిలో దానికి వెన్నమైదానం అని పేరు పెట్టుకున్నాం.

మూడో వరసలో ఒక చుక్క లేదు. చిటికెడు పిండి తీసి ఆ చుక్క పెట్టాను. గీత కలిపాను. చెయ్యి ఆగలేదు. ఆలోచన కూడా రాలేదు.

గద్ద వచ్చి వెళ్ళింది. అయిదూ కలిశాయని అయిదు గుమ్మాల మీదా పచ్చదీపం వెలిగింది. కాఫీలో పంచదార ఎక్కువైంది. తాగాను.

328

కుజుడి రోజు మనకంటే నలభై నిమిషాలు పెద్దది. బండి రోజూ అంత ఆలస్యంగా వస్తుంది. మధ్యాహ్నంలోకి, సాయంత్రంలోకి జరిగి జరిగి ముప్ఫైఆరు రోజులకు మళ్ళీ తెల్లవారికి చేరుతుంది. మా వీధివాళ్ళం నిద్రా తిండీ దానితోపాటే జరుపుకుంటాం. బజారుకు వెళితే అక్కడివాళ్ళు మమ్మల్ని దూరప్రయాణం నుంచి వచ్చినవాళ్ళలా చూస్తారు.

ఈరోజు ఆరింటికి. కళ్ళాపి నీళ్ళలో జారాను. కుడి మణికట్టు వాచింది. సుగుణ చేతికి సున్నం పడదు, బొబ్బలెక్కుతాయి. మిగిలింది మాల్యాద్రి. పడవల ఇంజన్లు బాగుచేసే మనిషి.

"ముగ్గా? నేనా?" అన్నాడు.

"మిమ్మల్ని జూసి జనం నవ్వినా పర్వాలేదు," అంది సుగుణ. "మీ ముగ్గు జూసి కొంగలు లేచిపోతే ఇంక రావు."

లుంగీ ఎగ్గట్టి కూర్చున్నాడు. నాలుక పళ్ళమధ్య పెట్టుకుని గీశాడు. నేను పావుగంటలో వేసేది గంట పట్టింది. గద్ద వచ్చింది. నాలుగిళ్ళకు పచ్చదీపం, మాకు ఎర్రదీపం.

వీధంతా నవ్వింది. "అబ్బయ్యా, కుజుణ్ణి తీసకపోయి సరస్సులో ముంచినావు," అంది ఖాదర్‌బీ అత్త.

"నా గీత సరింగానే ఉండాది," అన్నాడు. చేతులు కడుక్కోకుండానే పనికి వెళ్ళిపోయాడు.

329

కార్యాలయం ఇచ్చిన తెరపలకమీద కబురు: "మీ ముగ్గు మిగతా నాలుగింటితో రెండుచోట్ల కలవలేదు. ఇకపై జాగ్రత్త వహించగలరు."

మాల్యాద్రి పలక తీసుకుని నా దగ్గరికి వచ్చాడు. నేను మణికట్టుకు కాపడం పెట్టుకుంటున్నాను.

"అక్కా, చుక్కలు యాడిదాకా ఉండాయో ఆడిదాకా గీసినా. ఈ రెండు చోట్లా చుక్క లేదు. లేనిదాన్ని యాడినుంచి తేవాల?"

"మనమే పెట్టుకోవాల్రా."

"ఎవురు జెప్పినారు?"

చెప్పింది మా అమ్మ. ఆమెకు వాళ్ళమ్మ. చుక్క తప్పితే పెట్టుకోవాలి. గీత తెరిచి వదలకూడదు. తెరిచి వదిలితే ఇల్లు దాటి వెళ్ళినవాళ్ళు తిరిగి రారు.

"ఇంజన్లో బోల్టు లేకపోతే లేదని రాస్తాం," అన్నాడు. "ఉన్నట్టు రంగేసి పంపిస్తామా?"

నియమాల పుస్తకం తీశాను. మొదటి పేజీలోనే ఉంది. "చుక్క లేని చోట గీత ఆపవలెను." పదకొండు నెలలుగా ఆ పుస్తకం దేవుడి అలమరలోనే ఉంది. చదివాను కూడా. ముగ్గు అంచుల గురించి చెప్పారనుకున్నాను. లోపల చుక్క తప్పితే అది బండి పొరపాటు అనుకున్నాను.

యంత్రానికి నేల దొరకని చోట చుక్క పడదు. దొరకలేదంటే అక్కడ అడుగు కనపడలేదని.

నాలుగిళ్ళకూ వెళ్ళి అడిగాను. నలుగురూ చుక్క పెట్టారు. అందరూ పెట్టారు కాబట్టే నాలుగూ కలిశాయి.

"నువ్వేగా నేర్పినావు అమ్మీ," అంది ఖాదర్‌బీ అత్త. "మా ఇంట్లో ముగ్గెక్కడిది? నీ చెయ్యి జూసి నేర్చుకున్నదే."

ఆమె నవ్వుతూనే అంది. నాకు కాళ్ళకింద నేల పలచబడినట్టు అనిపించింది.

330

ఆదివారం. కస్తూరి గొంతు వచ్చే రోజు.

ఎవరి దారి వేస్తే వాళ్ళ గొంతు ఆ వీధికి వస్తుంది. వారానికి పదిహేను నిమిషాలు. అది కాక ఇంటివాళ్ళకు నెలకొక ఉత్తరం, నలభై మాటలు మించకుండా. ఖాదర్‌బీ అత్త అరుగుమీద ఆ గొంతు వినిపించే పెట్టె ఉంటుంది. అందరం దాని చుట్టూ కూర్చుంటాం. మాట ఇక్కడికి చేరడానికి పద్నాలుగు నిమిషాలు పడుతుంది కాబట్టి ఎదురుమాటలు కుదరవు. ఆమె చెప్పేది వింటాం. తరవాత మేం చెప్పి పంపుతాం. నక్షత్రాల వెలుగు కూడా అంతే కదా, ఎప్పుడో బయల్దేరింది ఇప్పుడు కంట పడుతుంది.

"అక్కా, అన్నా, వదినా, అత్తా, అందరూ బాగుండారా? ఇక్కడ దుమ్ము లేస్తా ఉండాది. వారం ఆగితే కదల్లేమంటా ఉండారు. అందుకని రేపే బయల్దేరతావుండాం. పటంలో వెన్నమైదానం జూసినాం. ఒక్క బీట లేదు. అరిటాకు పరిచినట్టుండాది. మా అక్క వాకిట్లో నడిచినట్టే పాండి అని మావాళ్ళకు చెప్పినా."

వీధిలో అందరి ముఖాలూ వెలిగాయి. మాల్యాద్రి నావైపు చూశాడు.

మా వంతు వచ్చింది. పెట్టె నా ముందుకు జరిపారు. నేను అన్నది ఒక్కటే మాట. "జాగ్రత్తమ్మా."

అప్పుడే చెప్పి ఉండాల్సింది. ఖాయంగా తెలియదు కదా అనుకున్నాను. అంతమంది ముందు నోరు రాలేదు. ఇది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

331

పొద్దున్నే మాల్యాద్రీ నేనూ పాత ముగ్గులన్నీ పలకమీద తీసి కూర్చున్నాం. ఒకపక్క బండి రాల్చిన చుక్కలు, ఒకపక్క నేను వేసిన గీతలు. అతను చూసి చెబుతుంటే నేను ఎడమచేత్తో గుర్తు పెట్టాను. పదకొండు నెలల్లో నేను పెట్టిన చుక్కలు నలభైఆరు.

వెన్నమైదానంలో ఏడు. అవి ఏడు వేరువేరు రోజుల ముగ్గుల్లో ఉన్నాయి. ఒక్కోటి చూస్తే ఏమీ లేదు, తప్పిన చుక్క అంతే. మాల్యాద్రి ఏడు ముగ్గులనూ పక్కపక్కన చేర్చి పలకమీద స్కేలు పెట్టాడు. ఏడూ ఒకే గీతలో పడ్డాయి.

ఆ గీత కస్తూరి వాళ్ళు నడిచే దారికి అడ్డంగా ఉంది. అది నేలలో పెద్ద బీట. పైన దుమ్ము, కింద బోలు.

సుగుణ తలుపు దగ్గర నిలబడి చూసింది. ఆమెకు అర్థమైంది.

"చెబితే వీధి పోతుంది వదినా," అంది. "ఇప్పటికే ఆఫీసులో కొందరు, జనాల చేతిపని నమ్మలేమని అంటుండారు. ఆ గొంతు గూడా పోతుంది. రేపటినుంచి సరింగా వేస్తే చాలదా?"

"రేపటి ముగ్గు రేపటి నేలమ్మా. ఆ పిల్ల నడిచేది మొన్నటి ముగ్గుమీద."

సుగుణ ఏడ్చింది. తరవాత తనే వెళ్ళి పలకకు సెల్లు మార్చి తెచ్చింది.

నాలుగిళ్ళవాళ్ళనూ పిలిచి చూపించాను. పంపే ముందు అడగడం ధర్మం. ఖాదర్‌బీ అత్త స్కేలు వంక చాలాసేపు చూసింది. "రాయి," అంది. "నా పేరు గూడా రాయి. ఖాదర్‌బీ అని కాదు, షేక్ ఖాదర్‌బీ అని పూర్తిగా రాయి. తప్పు జేసేటప్పుడు పూర్తి పేరు ఉండాల."

పన్నెండూ పదికి పంపాను. "వెన్నమైదానంలో మేము వేసిన ఏడు చుక్కలు అక్కడ లేవు. వీధికి అలా నేర్పింది నేను. నడక ఆపించండి. మల్లవరపు చెంచమ్మ." కింద మిగతా నాలుగు పేర్లు.

ఇరవై నిమిషాలకు కార్యాలయం నుంచి ఎస్తేరు మాట్లాడింది. మా వీధుల పని చూసే అమ్మాయి. గొంతులో ఎప్పుడూ ఉండే తొందర లేదు.

"అమ్మా, పైకి పంపించాం. వాళ్ళు అప్పటికే గొడుగు యాంటెన్నా మడిచి సామాను కట్టేసినారు, అక్కడ తెల్లారగానే నడక. నడిచేటప్పుడు వాళ్ళకు మన మాట అందదు. మజిలీ వేసి గొడుగు యాంటెన్నా విప్పాలి. అది రేపు మనకు తొమ్మిదిన్నర. ఆ గీతకు ఈ పక్కనే మజిలీ పెట్టుకోవాలని వాళ్ళ ప్లాను."

"పెట్టుకోకపోతే?"

"దుమ్ము చూసి తొందరపడితే దాటి పెట్టుకుంటారమ్మా. నేను పొద్దున పడవెక్కి వస్తా."

సాయంత్రం సరస్సు ఎర్రగా ఉంది. చూస్తూ కూర్చుంటే నీళ్ళు గడ్డకట్టి నేలయినట్టు, దానిమీద ఎవరో ఆరుగురు చిన్నగా నడుస్తున్నట్టు కనిపించింది. ఆరు పేర్లూ చెప్పాను. ఈసారి కస్తూరిని ఆఖర్న చెప్పాను. ముందు చెబితే నాది స్వార్థమవుతుందేమోనని. నాకే తెలియని భయాలు.

332

బండి ఎనిమిదీ నలభైకి వచ్చింది. రాకూడదని ఎవరూ చెప్పలేదు కాబట్టి వచ్చింది.

ముగ్గు వేశాం. మాకు మాల్యాద్రే వేశాడు. చుక్క లేని చోట అయిదిళ్ళూ గీత ఆపాయి. ఖాదర్‌బీ అత్త ఒకచోట వేళ్ళు చాపి, మళ్ళీ వెనక్కి తీసుకుంది. చాలాసేపు అలాగే వంగి ఉంది. తెరిచి ఉన్న గీత చూస్తే ఏదో తలుపు వేయడం మరిచినట్టే ఉంది. అయినా అలాగే వదిలాం.

ఎస్తేరు పడవదిగి వచ్చింది. మెడలో చిన్న శిలువ, చేతిలో సంచి. కాళ్ళు కడుక్కుని పెట్టె పక్కన కూర్చుంది. తొమ్మిదిన్నర అయింది. వాళ్ళు గొడుగు విప్పి ఉంటే, మా మాట విని జవాబిచ్చి ఉంటే, అది చేరేది తొమ్మిదీ నలభైనాలుగుకు.

చేరలేదు.

తొమ్మిదీ యాభై అయింది. ఎస్తేరు కళ్ళు మూసుకుంది. ఆమె దేవుడు వేరు, ఆమె పెదాలు కదలడం మాత్రం నాలాగే ఉంది. ఖాదర్‌బీ అత్త తస్బీ పూసలు తిప్పుతోంది. మాల్యాద్రి అరుగు అంచున కూర్చుని గోటితో సున్నం గీకుతున్నాడు. పది దాటింది. బస్టాండు కప్పుమీది కొంగలన్నీ ఒక్కసారి లేచి మళ్ళీ అక్కడే వాలాయి.

పదీ ఎనిమిదికి పెట్టెలో గరగర వచ్చింది.

"అక్కా." ఊపిరి. "ఆగినాం అక్కా. మజిలీ కాడే ఆగినాం. గొడుగు కమ్మి ఇరుక్కపోయి ఆలీసమైంది. మీ కబురు విన్నాం. నేనూ ఇంకొకరూ నడుంకు తాడు కట్టుకుని మూడో చుక్క కాడికి పోయి కడ్డీ గుచ్చినాం. రెండు మూరలు గట్టినేల. ఆ పైన కడ్డీ నా చేతిలోంచి జారిపోయింది. ఎంతసేపు విన్నా కిందపడిన అదురు లేదు." మళ్ళీ ఊపిరి. "మజిలీ నించి నలభై అడుగులుండాది అది. పొద్దున లేచి నడిచుంటే ముందు నేనే. సామాను తాడు నా నడుంకే కడతారు."

ఎవరో వెక్కారు. సుగుణ అనుకుంటాను.

"ఎనక్కి తిరిగి చుట్టు తిరిగి పోతాం. ఆరు రోజులు ఎక్కువ. తిండి సరిపోతుంది, దిగులుపడబాకండి. అక్కా, ఆ చుక్కలు నువ్వే పెట్టినావంట గదా. చిన్నప్పుడు నా పలకమీద లెక్క తప్పుపోతే నువ్వే దిద్దేసి, ఒప్పేలే పడుకో అనేదానివి. నాకు తెలుసు అప్పుడు గూడా. ఇంక దిద్దబాక అక్కా. తప్పయితే తప్పని చెప్పు. నేను పెద్దదాన్నయినా."

పెట్టె ఆగింది.

నేను ఇంట్లోకి వెళ్ళి దీపంలో నూనె పోశాను.

333

ఎస్తేరు రాత్రి మా ఇంట్లోనే ఉంది. కార్యాలయం మాట ఈరోజు పదకొండింటికి అందింది. ఆమె ముందు తను చదువుకుని తరవాత మాకు చెప్పింది.

"మొత్తం ఆపేద్దామన్నారమ్మా కొందరు. ఆపలేదు. ముప్ఫైవేల వీధులు ఈ పని చేస్తున్నాయి. అన్నీ మళ్ళీ చూస్తారు. ముగ్గు వేసే వీధులన్నిట్లో ఇదే జరిగిందంట, మీ ఒక్కరిదే కాదు. ఇకమీద చుక్క లేనిచోట బండి ఎర్రసున్నా వేస్తుంది."

"అదేదో ముందే ఎయ్యొచ్చుగా," అన్నాడు మాల్యాద్రి.

"వెయ్యొచ్చన్నా. మీరు చెప్పిందాకా తెలియలేదు." పలక పక్కన పెట్టింది. "రెండోది ఉంది. సొంతవాళ్ళ దారి సొంతవాళ్ళు వేయకూడదు. పెద్దాయన ఒకరు అన్నారు, మనకు కావలసిన మనిషి వెళ్ళే దారిలో గొయ్యి ఉందంటే చెయ్యి ఒప్పుకోదని."

ఆ మాట నిజమేనా అని ఆలోచించాను. మిగతా ముప్ఫైతొమ్మిది చుక్కలు కస్తూరి ఎప్పుడూ నడవని నేలలో పెట్టాను. అవి అలవాటు. ఈ ఏడు కూడా అలవాటే అనుకుంటున్నాను. ఖాయంగా చెప్పలేను.

ఎస్తేరు రెండు దారులు చెప్పింది. ఒకటి, మేం ముగ్గు మానేయడం. బండి ఇంక రాదు. కస్తూరి గొంతు మాత్రం వారం వారం వస్తుంది. రెండు, ఇంకొకరి దారి వేయడం. గొంతు దారితోపాటే పోతుంది. మాకు ఆరుగురిలో త్సెరింగ్ దారి వస్తుంది, మంచుకొండల మనిషి. కస్తూరి దారీ గొంతూ కచ్ ఎడారి అంచున ఒక వీధికి వెళతాయి. నాలుగిళ్ళవాళ్ళూ మీ ఇల్లు ఎట్లా అంటే అట్లా అన్నారు. సాయంత్రం లోపల చెప్పాలి.

పగలంతా ఇంట్లో ఎవరూ సరిగా తినలేదు. అయిదింటికి అరుగుమీద కూర్చున్నాం. ఖాదర్‌బీ అత్త కూడా వచ్చి కూర్చుంది, పిలవకుండానే.

"గొంతు ఉంచుకుందాం," అన్నాడు మాల్యాద్రి. "ఏందింక మనకు మిగిలింది? అది గూడా ఇచ్చేసి ఎవురికో ముగ్గులెయ్యాల్నా? ఆ త్సెరింగు మాట్లాడితే మనకు ముక్క అర్థం గాదు."

"నిన్న మన మాట అందకపోయుంటే ఏ గొంతు వినేవాళ్ళం?" అంది సుగుణ.

వీధి పోతుందని ఏడ్చింది ఆమే. మాల్యాద్రి ఆశ్చర్యంగా చూశాడు.

"అట్ట జూస్తారేంది? అతనికి గూడా అక్క ఉంటుంది. ఆడెక్కడో మంచుకొండల్లో కూర్చుని, నా తమ్ముడి దారి ఎవురేస్తుండారో అనుకుంటా ఉంటుంది."

"నువ్వు చెప్పక్కా," అన్నాడు నాతో.

"నేను చెప్పను."

"పెద్దదానివి."

"నేను చెబితే మళ్ళీ నేనే చుక్క పెట్టినట్టవుతుంది. మీరు చూసి చెప్పండి."

ఎండ దిగిపోతోంది. వాకిట్లో పొద్దుటి ముగ్గు సగం చెరిగి ఉంది. మాల్యాద్రి దాన్నే చూస్తున్నాడు.

"ఆ ఎడారోళ్ళు ముగ్గెయ్యరు గదా," అన్నాడు ఎస్తేరుతో. "ఏం జేస్తారు?"

"గుడ్డమీద చుక్కలు పడతాయన్నా. దారంతో కలుపుతారు. అద్దాల కుట్టుపని చేసేవాళ్ళు."

"చుక్క తప్పితే?"

"కుట్టు అక్కడితో ఆపి ముడి వేస్తారు. నేను అడిగినాను. ముడి వేయకపోతే దారం ఊడిపోతుందంట, అందుకని ఎవరూ దాటించరు."

"కళ్ళు మంచివేనా వాళ్ళవి?"

"సూదిలోకి దారమెక్కించే కళ్ళు గదన్నా."

లేచి వాకిట్లోకి దిగాడు. కాసేపు అటూ ఇటూ తిరిగాడు. వీపు మావైపు పెట్టి నిలబడి ముఖం తుడుచుకున్నాడు. తిరిగి వచ్చి, "అయితే వాళ్ళకే ఇయ్యండి," అన్నాడు.

సాయంత్రం ఆరున్నరకు మా ఇంట్లో నిర్ణయించినది రాస్తున్నాను. కస్తూరి దారి కచ్ వీధికి అప్పగిస్తున్నాం. రేపటినుంచి త్సెరింగ్ దారి మేము వేస్తాం. నా చెయ్యి నయమయ్యాక కూడా రోజు మార్చి రోజు మాల్యాద్రే వేస్తాడు. త్సెరింగ్ మాట మాకు అర్థం కాకపోయినా పదిహేను నిమిషాలూ కూర్చుని వింటాం. మధ్యలో లేవం.

ఆ ఎడారి వీధికి ఒక ఉత్తరం కూడా పంపాలని అనుకున్నాం. వాళ్ళ భాషలోకి మార్పిస్తానని ఎస్తేరు చెప్పింది. ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు, చాలా ఎక్కువైంది. నేను తగ్గించాను. ఇంత మిగిలింది.

"ఆమె పేరు కస్తూరి. నలభై ఒకటో ఏడు. మాట మధ్యలో ఆగితే మీ పెట్టె పాడయిందనుకోకండి, నవ్వు ఆపుకుంటోందని అర్థం. చలేస్తోందని తనంతట తను చెప్పదు. మీరే అడగాలి."